నైరుతి మెట్లు

ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి వస్తుంటారు. ముందు గోడ మీద ఫోటోలు చూస్తారు, తర్వాత "మీరు కట్టినవాటిలో మీకు బాగా నచ్చినదేది మేడమ్?" అని అడుగుతారు. నచ్చినవాటి సంగతి చెబితే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. అవి వాటి పాటికి అవి నిలబడి ఉన్నాయి, నా అవసరం వాటికి లేదు. నన్ను వదలని భవనం ఇంకొకటుంది. అదొక స్కూలు. ఆ ఫోటో గోడ మీద ఉండదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. ఇప్పుడు రిటైరయ్యాను, నా సంతకం కోసం వచ్చేవాళ్ళు లేరు, మొహమాటపడాల్సిన పనీ లేదు. అందుకని రాస్తున్నాను.

ఏ ఏడాది ఏ మెప్పు దొరికింది, ప్లాను పాసవడానికి ఎన్ని బల్లల చుట్టూ తిరిగాను అన్నవి ఇందులో ఉండవు. మీరూ తిరుగుతారు, మీకే తెలుస్తుంది. ఈ వృత్తిలో మనం తప్పు చేసేటప్పుడు అది తప్పులా కనపడదని మాత్రం చెప్పదలిచాను. చాలా సబబుగా, అందరికీ నచ్చేలా కనపడుతుంది.

కళ్ళు మూసుకుని నడవడం

నా మొదటి బాసుని ఆఫీసులో అందరూ పెద్ద సారు అనేవాళ్ళు. కోపిష్టి. డ్రాయింగు నచ్చకపోతే చింపడు, జాగ్రత్తగా మడిచి మన చేతికే ఇచ్చి "పొట్లాలకి పనికొస్తుంది, ఇంటికి పట్టుకెళ్ళు" అనేవాడు. ఆడపిల్ల సైటుకి వెళ్తే మేస్త్రీలు మాట వినరని ఆఫీసులో ఎవరో అంటే, "వినకపోతే అరిచి చెబుతుంది. గొంతుంది గదా" అని నన్ను పంపించింది కూడా ఆయనే. ఆయన్ని తిట్టుకున్న రోజులున్నాయి, దణ్ణం పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

ఆయనకి ఒక వింత అలవాటుండేది. గోడలు లేచి ఇంకా తలుపులు బిగించని భవనంలోకి తీసుకెళ్ళి, "కళ్ళు మూసుకో అమ్మాయ్. నడు" అనేవాడు. పడబోతే పట్టుకోవడానికి వెనకే వచ్చేవాడు. గాలి ఎటునుంచి వస్తోంది, ఎండ చెంపకి ఎక్కడ తగులుతోంది, అడుగుల చప్పుడు ఎక్కడ బోలుగా మారుతోంది, నేల ఎటు వాలుతోంది, వీటన్నిటినీ పట్టుకుని ఒళ్ళు తన దారి తను వెతుక్కుంటుంది. "నీ పాదాలు ఎటు పోయాయో అదీ అసలు ప్లాను. నువ్వు కాయితం మీద గీసింది కాదు" అనేవాడు. పెద్దవాళ్ళు బోర్డులు చదువుకుని నడుస్తారు. పిల్లలు అలా కాదు, వాళ్ళు ఒంటితోనే నడుస్తారు. స్కూళ్ళు కట్టేవాళ్ళు ఇది మర్చిపోకూడదు.

మర్చిపోతే ఏమవుతుందో నాకు తొందరగానే తెలిసింది. ప్రకాశం వైపు ఒక ఊళ్ళో ఆడపిల్లల హైస్కూలుకి మరుగుదొడ్లు ఎక్కడో దూరంగా ప్రహరీ గోడ పక్కన పెట్టాను. వాసన రాకూడదని నా ఉద్దేశం. కొన్నాళ్ళకి వెళ్తే అక్కడి టీచరమ్మ నన్ను పక్కకి పిలిచి, పిల్లలు స్కూలుకొచ్చాక మంచినీళ్ళు తాగడం మానేశారని చెప్పింది. మైదానం మీదుగా, మగ టీచర్ల గదుల ముందునుంచి, అందరూ చూస్తుండగా అంత దూరం నడవడానికి వాళ్ళకి సిగ్గు. నేనూ ఆడదాన్నే, నాకు ఆ ఆలోచనే తట్టలేదు. ఆ తప్పు దిద్దగలిగాను. వరండా చివర కొత్తవి కట్టించేదాకా ఆ ఊరు వదల్లేదు. రెండో తప్పు సంగతి వేరు.

నైరుతి

కోటేశ్వరరావు గారు మిర్చి వ్యాపారంలో స్థిరపడి, తర్వాత స్కూలు పెట్టిన మనిషి. మా వైపు ప్రైవేటు స్కూలు యజమానిని కరస్పాండెంట్ గారు అంటారు. ఆ పిలుపంటే ఆయనకి మహా సరదా. మంచి మనిషి. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేది చెడ్డవాళ్ళ సంగతి కాదు.

స్థలం గుంటూరు అంచున, ఉత్తరం వైపు మిర్చి గోడౌన్లు. కింద ఒక అంతస్తు, పైన రెండు. ఒక్కటే పొడవాటి కారిడారు, ఉత్తరం నుంచి దక్షిణానికి. ఉత్తరం చివర వీధి గేటుకి దగ్గరగా పెద్ద మెట్లు. దక్షిణం చివర, నైరుతి మూలన, రెండో మెట్లు. ఏదైనా ప్రమాదం వచ్చి పెద్ద మెట్లు అందకపోతే పిల్లలు వీటి మీదుగా నేరుగా ఆటస్థలంలోకి దిగిపోవాలి.

ఆ రెండో మెట్ల మీద పెట్టినంత శ్రద్ధ నేను నా సొంత ఇంటి మీద కూడా పెట్టలేదు. చిన్న కాళ్ళకి అందేలా మెట్టు ఎత్తు ఆరంగుళాలు, అంతస్తుకి ఇరవై రెండు మెట్లు, రెండు ఎత్తుల్లో పట్టుకోవడానికి రెయిలింగు. కారిడారు నేలలో మార్టూరు నల్లరాయి పట్టీ ఒకటి వేయించాను, పాదానికి తెలిసేంత గరుకుగా, తిన్నగా ఆ గుమ్మం దాకా. కడిగిన నీళ్ళు పోయే వాలు కూడా అటే. మెట్ల గుమ్మం పక్కనున్న కారిడారు కిటికీలోంచి వెలుగు అక్కడే పడుతుంది. గోడలు లేచాక పెద్ద సారు చెప్పినట్టు కళ్ళు మూసుకుని కారిడారులో నడిచాను. ఎక్కడా తడబడకుండా వెళ్ళి ఆ గుమ్మం ముందు ఆగాను. చాలా గర్వపడ్డాను.

నాతో ఉన్న మేస్త్రి పేరు ఏసురత్నం. ఇరవై ఏళ్ళ జత. ఆదివారం చర్చి అయిపోగానే తెల్లచొక్కా మీదే సైటుకి వచ్చి గోడలు తడిపి పోయేవాడు. నేను గీసినదాంట్లో తప్పుంటే మొహం మీదే చెప్పేవాడు.

నైరుతి మూల కింది తలుపు బిగించి తెరిచిన వారంలోనే కోటేశ్వరరావు గారి ఒక్కగానొక్క కొడుకు దాచేపల్లి దగ్గర బైకు మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. గుంటూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. అప్పుడు సిద్ధాంతి గారిని సైటుకి తీసుకొచ్చారు. ఆయన అంతా తిరిగి చూసి నైరుతి తలుపు ముందు నిలబడిపోయారు.

"మెట్లు ఇక్కడ ఉండొచ్చమ్మా. బరువు ఉండాల్సిన మూలే. ద్వారం మాత్రం ఉండకూడదు. నైరుతి తెరిస్తే యజమాని సంతానానికి గండం."

"మరి పిల్లలు మెట్లు దిగి ఎటు పోవాలండీ?" అన్నాను.

"అది మీ విద్య. నాదొచ్చి ఇది" అన్నారాయన, కోపం లేకుండానే.

వాదించాను. కోటేశ్వరరావు గారు నా మాటలు వింటున్నట్టే లేరు. పది రోజులుగా నిద్ర లేని కళ్ళు. కింది తలుపు మూయాలని తేలిపోయింది. అప్పుడు ప్రిన్సిపాల్ ఇంకో మాట అంది. కింద దారి లేని మెట్లలోకి పిల్లలు దూరి ఆడుకుంటారు, ఒకరి మీద ఒకరు పడతారు, కాబట్టి పై అంతస్తుల గుమ్మాలు కూడా మూసేస్తే మంచిదని. ఆ మాటలో తప్పేముంది? ఒక్కొక్కటీ సబబైన మాటే. అలా సబబైన మాటలతోనే మూడంతస్తుల మెట్లు, ఎవరూ ఎక్కలేనివీ దిగలేనివీ, ఒక స్కూలు కడుపులో మిగిలిపోయాయి.

తనిఖీ అయ్యేదాకా తలుపులు ఉంచారు. తనిఖీ కాయితాల్లో రెండు మెట్లూ ఉన్నాయని నా సంతకం ఉంది. ఆ మర్నాడే మూసేస్తారని తెలిసే ఆ సంతకం పెట్టాను.

గోడ

ఏసురత్నం తలుపు రెక్కలు ఊడదీశాడు గానీ గుమ్మాల జోలికి పోలేదు. ఇటుక పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"గుమ్మం పీక్కుండా గోడ కట్టగూడదు మేడంగారూ. పసుపు రాసి, బొట్టు పెట్టి నిలబెట్టిన గుమ్మం అది. దాన్ని లోపల పెట్టి కప్పేస్తే తలుపుగానే ఉంటది. మనం మర్చిపోయినా అది మర్చిపోదు."

"చర్చికెళ్ళే మనిషివి, నీకెందుకయ్యా ఈ పట్టింపులు?"

"గుమ్మానికి మతం ఏముందండీ. ఎవురొచ్చినా దారిస్తది."

గుమ్మం పీకితే చుట్టూ పూత రాలుతుంది, మళ్ళీ పూయాలి, సిద్ధాంతి గారు పెట్టిన ముహూర్తం దాటిపోతుంది. "కానియ్యి" అన్నాను. ఈ వృత్తిలో నేను చెప్పిన మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించే మాట అదొక్కటే.

కింది గోడ కడుతున్నంతసేపూ కోటేశ్వరరావు గారు దగ్గరే నిలబడ్డారు. సిమెంటు గట్టిగా వేయమని చెప్పి మరీ వేయించారు. పై గోడలు ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు. చూడాలనిపించలేదు. సాయంత్రానికి పూత పూశారు, అది పూర్తిగా ఆరకముందే మర్నాడు రంగు కూడా వేశారు. అక్కడ ఎప్పుడూ గోడే ఉన్నట్టుంది.

మూడో రోజున ఆయన కొడుకు కళ్ళు తెరిచాడు.

మరక

రెండేళ్ళ తర్వాత మేడ మీద ఇంకో గది వేయాలని పిలిస్తే వెళ్ళాను. మొదటి అంతస్తు కారిడారులో దక్షిణం చివరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

గోడకి ఆ వేసవిలోనే కొత్త రంగు వేశారట. మీగడ రంగు. మచ్చ లేదు, ఒక్కచోట తప్ప. అక్కడ నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా జిడ్డుపట్టి నల్లబడింది. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ అరచేతులు. చిన్న చిన్న అరచేతులు, ఒకదాని మీద ఒకటి. మరకకి కుడి అంచు, ఎడమ అంచు గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. సంచిలోంచి టేపు తీసి కొలిచాను. నాలుగడుగులు.

నేను గీసిన తలుపు వెడల్పు నాలుగడుగులు. గోడ పన్నెండడుగులు. ఆ గోడ మీద ఎక్కడా గుంట లేదు, పగులు లేదు, తట్టి చూసినా తేడా తెలీదు. తలుపు సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ ఏసురత్నమూ. ఏసురత్నం ఆ ముందటేడే గుండె ఆగి పోయాడు.

వెనక చీపురు చప్పుడైతే తిరిగి చూశాను. మరియమ్మ, ఏసురత్నం భార్య. భవనం పూర్తయ్యాక నేనే చెప్పి ఆమెని అక్కడ ఆయమ్మగా పెట్టించాను.

"మీరొస్తే చూస్తారనే అనుకున్నా మేడంగారూ" అంది. "సబ్బు పెట్టి రుద్దుతున్నానండీ. వారం తిరక్కముందే మళ్ళీ వచ్చేస్తంది."

"పిల్లలు ఇక్కడ ఆడుకుంటారా?"

"ఆడుకుంటే బాధేముందండీ. ఆడుకోరు. నిలబడతారు."

"నిలబడతారా?" అన్నాను.

"లాంగ్ బెల్ కొట్టగానే పెద్ద మెట్ల కాడ తోపులాట అయిద్ది గదండీ. ఎనకబడ్డ చిన్న క్లాసోళ్ళు ఇటు తిరిగొచ్చి లైను కడతారు. గోడ మీద చేతులు పెట్టి నిలబడతారు, ఎప్పుడు తెరుస్తారా అని చూస్తన్నట్టు. ‘ఇటు కాదురా నాయనా, అటు’ అని నేనొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాలి. మొన్న చేరిన పిల్లలు గూడా అంతే. ఈళ్ళకి ఎవురు చెప్పారండీ? నేనైతే చెప్పలా."

వాళ్ళకి చెప్పింది నేనే. నల్లరాయి పట్టీ చెప్పింది, నేల వాలు చెప్పింది, కిటికీ వెలుగు చెప్పింది. గోడ కట్టించినప్పుడు అవేవీ తీయించలేదు. అంతా బాగానే పనిచేస్తోంది, చివర తలుపు తప్ప. మరక అంచులు అంత సరిగ్గా ఎలా వచ్చాయో మాత్రం ఇప్పటికీ నేను చెప్పలేను.

"చెవులు గూడా ఆనిస్తారండీ" అంది మరియమ్మ. "ఎవరో ఎక్కొస్తన్నారు ఆయమ్మా అంటారు."

దానికి నా దగ్గర సమాధానం ఉంది. మూసేసిన మెట్ల గది పెద్ద కుండ లాంటిది. పై అంతస్తు పిల్లలు గోడ తట్టినా, కింద బల్లలు జరిపినా ఆ చప్పుడు లోపల తిరిగి తిరిగి అన్ని అంతస్తులకీ వినపడుతుంది. ఇదంతా మరియమ్మకి చేతులు తిప్పుతూ వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"ఇయ్యాల రెండో శనివారం గదండీ. స్కూలు లేదు" అంది.

నేను మొండిదాన్ని. గోడకి చెవి ఆనించాను. పగలు పన్నెండు గంటలు, బయట ఎండ మండిపోతోంది. గోడ చల్లగా ఉంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కింద ఎక్కడో మెత్తగా ఒక అడుగు. ఆగి, ఇంకొకటి. చెప్పుల్లేని కాళ్ళు మెట్లెక్కుతున్నట్టు, తొందర లేకుండా. వృత్తి అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. నేను గీసినవి ఇరవై రెండు. పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు. మిగిలిన నాలుగు మెట్ల కోసం ఎదురుచూశాను. ఆ నాలుగూ ఎక్కితే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. చెవి తీసేశాను.

ఎండకి శ్లాబు సాగుతుంది, చప్పుళ్ళు చేస్తుంది. నీళ్ళ పైపుల్లో గాలి చేరుతుంది. కానీ ఆ మెట్ల గదిలో పైపులు లేవు. శ్లాబు అంత వరసగా అడుగులు వేయదు. భయం వేసింది. నలభై ఏళ్ళు భవనాల మధ్య తిరిగిన దాన్ని, పట్టపగలు నేను కట్టించిన గోడని చూసి భయపడ్డాను.

వాయిదా

తిన్నగా కింద ఆఫీసు గదికి వెళ్ళాను. కోటేశ్వరరావు గారు ఒక్కరే ఉన్నారు. అడుగుల చప్పుడు సంగతి చెప్పలేదు, చేతుల మరక సంగతి చెప్పాను. రేపు ఏదైనా జరిగితే పిల్లలు పరిగెత్తేది ఆ గోడ మీదకేనని చెప్పాను.

"గోడలు తీసేద్దామండీ. అన్నీ."

ఆయన బల్ల మీద కాయితాలు సర్దారు.

"గోడ కట్టిన మూడో రోజు మావాడు కళ్ళు తెరిచాడు మేడమ్ గారూ. డాక్టర్లు అప్పటికే మా ఆవిడతో ధైర్యంగా ఉండమ్మా అంటున్నారు. నన్ను మూఢుణ్ణనుకోండి, ఫర్వాలేదు. కానీ అది గోడ వల్ల కాదని వాడి తల మీద చెయ్యేసి చెప్పమంటే నేను చెప్పలేనండీ. మీరు చెప్పగలరా?"

చెప్పగలను అనాలి. కానీ అప్పుడే ఆ గోడ దగ్గర్నుంచి వచ్చినదాన్ని.

"ఇక్కడి పిల్లలకీ తండ్రులున్నారు కదండీ" అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పరీక్షలు అవనివ్వండి. వేసవి సెలవుల్లో సిద్ధాంతి గారిని అడిగి ఏదో ఒక శాంతి చేయించి తీయిద్దాం" అన్నారు.

సరే అన్నాను. ఇద్దరికీ బరువు దిగినట్టనిపించింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగి వినండి. ఆ సాయంత్రమే నేను చేయగలిగింది ఒకటుంది. పాత సంతకం తప్పని ఒక్క కాయితం రాసి తనిఖీ చేసినవాళ్ళకి ఇచ్చి ఉంటే, మర్నాడే గోడలు పడేవి. రాయలేదు. ఆ కాయితం రాస్తే ముందు పోయేది నా లైసెన్సు. ఆయనేమో కొడుకు కోసం భయపడ్డారు, నేను పేరు కోసం భయపడ్డాను. ఇద్దరిలో ఎవరి భయం నీచమైనదో మీరే తేల్చుకోండి. సిద్ధాంతిని తిట్టడం నాకు ఇప్పటికీ తేలికే. ఆయన మాత్రం ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు.

ఘాటు

కథ కోసం ఎవరినీ ఉగ్గబట్టించడం నాకిష్టం లేదు. ఆరోజు ఎవరి ప్రాణమూ పోలేదు, ఇది ముందే చెబుతున్నాను.

మార్చి నెల, పొద్దున పదిన్నర. మేడ మీద గదికి ఇటుకలు దిగుతుంటే చూడ్డానికి వెళ్ళి ఆటస్థలంలో కూలీలతో మాట్లాడుతున్నాను. ఉత్తరం ప్రహరీ అవతల గోడౌను వాళ్ళు తాలు కాయలు కుప్పలు పోశారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, మంచి కాయల్లోంచి ఏరి పక్కన పోస్తారు. ఆ కుప్పలు ఎలా అంటుకున్నాయో ఎవరికీ తెలీదు. మంట కనపడకముందే నాకు దగ్గొచ్చింది. పక్కనున్న కూలీకి వచ్చింది. తర్వాత మొత్తం స్కూలు ఒక్కసారిగా దగ్గింది. ఆ చప్పుడు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఇంట్లో పోపులో రెండు ఎండుమిరపకాయలు మాడితేనే ఇల్లు వదిలి బయటికి పరిగెడతాం. ఇవి కుప్పలు. గాలి ఉత్తరం నుంచి. మంట స్కూలు దాకా రాలేదు, రానక్కర్లేదు. పెద్ద మెట్లు పొగని పీల్చుకుని పైకి ఎగదోశాయి. పెద్ద క్లాసుల పిల్లలు చున్నీలు, చొక్కాలు మొహాలకి అడ్డం పెట్టుకుని, గోడలు తడుముకుంటూ ఎలాగో దిగి వీధిలో పడ్డారు. కళ్ళు తెరిచి నడిచినవాళ్ళు లేరు. టీచర్లు క్లాసులవారీగా పేర్లు పిలిచారు. మొదటి అంతస్తులో ఉండే ఒకటి, రెండు తరగతుల పిల్లలు పలకలేదు. మరియమ్మా లేదు. ఇద్దరు టీచర్లు పైకి వెళ్ళబోయి నాలుగు మెట్లు ఎక్కకుండానే వాంతులు చేసుకుంటూ వెనక్కొచ్చారు.

వాళ్ళు ఎటు పోయి ఉంటారో నాకు తెలుసు. కోటేశ్వరరావు గారికీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పరిగెత్తుకుంటూ నైరుతి మూలకి వెళ్ళాం.

అక్కడ పొగ పల్చగా ఉంది. ఎదురుగా గోడ, కిటికీ కూడా లేని గోడ. ఆ గోడలోంచి పిల్లల గొంతులు వస్తున్నాయి. మెత్తగా, అందరూ కలిసి, ఏదో పాఠం అప్పజెబుతున్నట్టు. మోకాలి ఎత్తులోంచి వస్తున్నాయి. కూలీల్లో ఒకతను రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు మరియమ్మ గొంతు వినపడింది. "ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. దగ్గు ఆపుకోండమ్మా, లెక్క చెప్పండి." పిల్లలు ఆమె వెనక అంకెలు చెబుతున్నారు. అప్పుడర్థమైంది, వాళ్ళు పై గోడ పగలగొట్టుకుని లోపలికి దిగారు. కింద దారి లేక, చీకట్లో, ఆఖరి మెట్ల మీద కూర్చున్నారు. పగలగొట్టిన కంతలోంచి పొగ వాళ్ళ వెనకే దిగుతూ ఉంటుంది.

ఇటుక ముక్క తీసుకుని గోడ మీద నాలుగు గీతలు గీశాను. ఈసారి కొలవలేదు. "ఇక్కడ కొట్టండి" అని అరిచాను. కూలీలు గునపాలు పట్టుకున్నారు గానీ ఎత్తలేదు. ఆ గోడ ఎందుకుందో వాళ్ళందరికీ తెలుసు. కోటేశ్వరరావు గారి వైపు చూస్తున్నారు.

ఆయన ఒకతని చేతిలోంచి గునపం లాక్కున్నారు. తొలి దెబ్బ ఆయనే వేశారు. ఏడుస్తూ వేశారు. దగ్గరుండి కట్టించిన గోడ కదా, ఊరికే పడలేదు. తర్వాత అందరూ కలిసి కొట్టారు. ఇటుకలు రాలుతుంటే లోపల్నుంచి గుమ్మం చెక్క బయటపడింది. దాని మీద పసుపు ఇంకా ఉంది.

పిల్లలు ఒకరి గౌను ఒకరు పట్టుకుని వరసగా బయటికొచ్చారు. ఎవరూ తోసుకోలేదు. ఎర్రబడ్డ కళ్ళు, జుట్టు నిండా ఇటుక దుమ్ము, కొందరు ఇంకా అంకెలు చెబుతూనే ఉన్నారు. మరియమ్మ అందరికన్నా ఆఖరున వచ్చి నేల మీద కూలబడింది.

"పై గోడల్లో సిమెంటు నామమాత్రంగా కలిపాడండీ మా ఆయన. పోయే ముందు నాకొక్కదానికే చెప్పాడు. బెంచీతో నాలుగు దెబ్బలేస్తే రాలిపోయింది. కింద మాత్రం సారు దగ్గరుండి కట్టించారని..." కోటేశ్వరరావు గారిని చూసి ఆపేసింది.

ఆయన అవేవీ వినే స్థితిలో లేరు. కొడుక్కి ఫోను చేస్తున్నారు. "ఎక్కడున్నావురా? బాగానే ఉన్నావా? ఏం లేదు. ఊరికే. ఊరికే చేశాన్రా." ఆ అబ్బాయికి ఆరోజు ఏమీ కాలేదు. ఈరోజు దాకా ఏమీ కాలేదు.

నేను పిల్లల మొహాలు నీళ్ళతో కడుగుతున్నాను. ఒకటో తరగతి పిల్ల, రెండు జడలు, ఒక జడ రిబ్బను ఊడిపోయింది. మొహం తుడవనివ్వకుండా మెడ తిప్పి ఆ మెట్ల వైపే చూస్తోంది.

"ఇన్ని మెట్లు! ఎవరు దాచారండీ?" అంది.

కోటేశ్వరరావు గారు తల దించుకున్నారు. సిద్ధాంతి గారు, ముహూర్తం, తనిఖీ, ప్రిన్సిపాల్ మాట, నా దగ్గర చాలా కారణాలున్నాయి. అప్పటిదాకా నాకు నేను చెప్పుకున్నవే. ఆ పిల్లకి చెప్పడానికి ఒక్కటీ పనికిరాలేదు.

"నేనేనమ్మా" అన్నాను. "నేనే దాచాను."

కోప్పడుతుందనుకున్నాను. దగ్గు ఆపుకుని, నా మొహంలోకి చూసి, "ఆటకా?" అని అడిగింది.